రాచతోటలో జనం దారి

 

ఎవరి పేరిట ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర చెప్పే పద్ధతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక కట్టడం గురించి పాఠం చెప్పేటప్పుడు దాన్ని ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో చెప్పి ఊరుకునేవారు కాదు. ఇప్పుడు అది ఎవరి అధీనంలో ఉంది, అక్కడికి ఎవరు వెళ్లగలరు, ఎవరిని గుమ్మంలోనే ఆపేస్తారు అని మమ్మల్ని అడిగేవారు. ఆ ప్రశ్ననే ఈ రోజు గ్రీసు దేశానికి వేస్తాను. అక్కడి మాజీ రాజకుటుంబపు ఎస్టేట్లు, వాటి కడుపులో ఉన్న ప్రాచీన శిథిలాలు, వాటిని చూడటానికి సామాన్యుడికి ఉన్న హక్కు ఈ ప్రసంగానికి విషయం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. రాచ ఎస్టేటు ప్రభుత్వం చేతికి రావడం ఒక ఘట్టం. అది ప్రజలది కావడం వేరే ఘట్టం. మొదటిది చట్టంతో, ఒక్క రోజులో జరుగుతుంది. రెండోదానికి దారులు, కాపలాదార్లు, మరమ్మతులు, పాఠాలు, లెక్కలు కావాలి. తరతరాలుగా ఆ పని సాగుతూనే ఉండాలి. గ్రీసు ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఎలా నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది చూద్దాం.

కొండ మీద కట్టని రాజభవనం

ఆధునిక గ్రీసు రాజ్యం పుట్టినప్పుడే ఈ సమస్యా పుట్టింది. ఆటమన్ పాలన నుంచి విముక్తమైన దేశానికి 1832లో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాలు కలిసి బవేరియా రాజు కుమారుడు ఒట్టోను రాజుగా నిర్ణయించాయి. అప్పటికి అతడు పదిహేడేళ్ల కుర్రాడు. 1834లో ఏథెన్సు రాజధాని అయింది. కొత్త రాజుకు భవనం ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చింది. ప్రష్యా దేశపు గొప్ప వాస్తుశిల్పి కార్ల్ ఫ్రీడ్రిక్ షింకెల్ ఆ భవనాన్ని ఏకంగా అక్రోపొలిస్ కొండ మీదే కట్టాలని నమూనా గీశాడు. పార్థినాన్ పక్కన వసారాలు, ఉద్యానవనాలు, సభామందిరాలు వచ్చేవి. ప్రాచీన ఏథెన్సు నాయకుడు పెరిక్లీజ్ కాలపు ఆ ఆలయం ఒక రాజుగారి పెరటికి అలంకారమయ్యేది.

అది జరగలేదు. బవేరియా వాస్తుశిల్పి లియో ఫాన్ క్లెంజె కొండను రాజభవనం కోసం కాక పురావస్తు స్థలంగా ఉంచాలని వాదించాడు. 1834లో రాజు సమక్షంలో కొండ మీద ఉత్సవం జరిపి పునరుద్ధరణ పనులకు నాంది పలికారు. అదే ఏడాది వచ్చిన పురావస్తు చట్టం, ప్రాచీన అవశేషాలు పూర్వీకుల సృష్టి కనుక గ్రీకులందరి ఉమ్మడి సొత్తు అనే సూత్రాన్ని రాసింది. రాజరికం ఉన్న రోజుల్లోనే, రాజముద్ర కిందనే, శిథిలం రాజుది కాదని ఒప్పుకున్న చట్టం అది. ఆ తరువాతి వివాదాలన్నీ ఈ సూత్రాన్ని నేల మీద అమలు చేయడం గురించినవేనని నా అభిప్రాయం.

రాజభవనాన్ని చివరికి కొండ కింద, ఊరి తూర్పు అంచున కట్టారు. 1843 సెప్టెంబరు 3న సైనికులూ ప్రజలూ ఆ భవనం ముందు నిలబడి రాజ్యాంగం కావాలని అడిగి సాధించుకున్నారు. ఆ ఆవరణకు నేటికీ రాజ్యాంగ చౌకమనే పేరు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ భవనమే పార్లమెంటయింది. ఒట్టో రాణి అమాలియా ముచ్చటపడి పెంచిన రాచతోట జాతీయ ఉద్యానమైంది. తోటలో రోమన్ కాలపు మొజాయిక్ నేల ఒకటి ఉంది. నేడు అక్కడికి వెళ్లడానికి టిక్కెట్టు అక్కర్లేదు. పొద్దు పొడిచినప్పుడు గేటు తెరుస్తారు, పొద్దు గూకితే మూస్తారు. పిల్లలను ఆడించే తల్లులు, మధ్యాహ్నం బల్లల మీద కూర్చునే వృద్ధులు, ఆ మొజాయిక్ పక్కగా నడిచిపోయే ఉద్యోగులు అక్కడ కనిపిస్తారు. రాచసొత్తు ప్రజల సొత్తు కావడానికి ఇది నిండైన ఉదాహరణ. ఊరి నడిబొడ్డున, పార్లమెంటు పక్కన ఉండటం దానికి కలిసొచ్చింది. దూరాన ఉన్న ఎస్టేట్లకు ఆ అదృష్టం కలగలేదు.

కోర్ఫు: శరణాలయం మీద విహారగృహం

అయోనియన్ సముద్రంలో కోర్ఫు దీవి ఉంది. కొరింథు నుంచి వచ్చినవారు క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దంలో అక్కడ స్థాపించిన నగరం పేరు కొర్సైరా. ఇప్పటి పట్టణానికి దక్షిణాన ఉన్న చిన్న ద్వీపకల్పం మీద ఆ పాత నగరం ఉండేది. సరిగ్గా ఆ నేల మీదే మోన్ రెపో అనే విల్లా వెలిసింది. 1820ల చివర దాన్ని కట్టించినవాడు సర్ ఫ్రెడరిక్ ఆడమ్. అప్పట్లో ఆ దీవులు బ్రిటిషు రక్షణలో ఉండేవి, ఆయన వాటికి హైకమిషనర్. కోర్ఫు అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు.

ఈ ఆడమ్ మనకు పరాయివాడు కాదు. కోర్ఫు నుంచి వచ్చాక 1832 అక్టోబరులో ఆయన మద్రాసు గవర్నరయ్యాడు, 1837 వరకు ఆ పదవిలో ఉన్నాడు. కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆయన ఏలుబడిలో ఉన్నాయి. ఆయన వచ్చిన కొద్దికాలానికే గుంటూరు సీమను నందన నామ సంవత్సరపు కరువు, మన పెద్దలు డొక్కల కరువు అని చెప్పుకున్న కరువు, పట్టి పీడించింది. సముద్రం మీదికి చూసే ఆ అందమైన విల్లానూ ఆకలితో ఊళ్లు ఖాళీ అయిన గుంటూరు సీమనూ ఒకే సామ్రాజ్యపు ఒకే అధికారి జీవితం కలుపుతోంది. అందుకే మోన్ రెపో కథ తెలుగువాళ్లు దూరం నుంచి చూసి వదిలేసే కథ కాదు.

1864లో అయోనియన్ దీవులు గ్రీసులో కలిశాయి. అప్పుడు విల్లా ఒట్టో తరువాతి రాజు మొదటి జార్జికి కానుకగా వెళ్లింది. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ భర్త ప్రిన్స్ ఫిలిప్ 1921 జూన్ 10న పుట్టింది ఆ ఇంట్లోనే. ఈ ఒక్క సంగతి కోసమే అక్కడికి వెళ్లే పర్యాటకులు ఎందరో ఉన్నారు. తప్పేమీ లేదు. కానీ ఇంటి నుంచి చెట్ల మధ్యగా దక్షిణానికి నడిస్తే మరింత పాత చరిత్ర ఎదురవుతుంది. అక్కడ హీరా దేవి ఆలయపు పునాదులున్నాయి. అది క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం చివర కట్టిన పెద్ద ఆలయం. ఇంకొంచెం ముందుకు వెళితే సముద్రం వైపు వాలులో కర్దాకి ఆలయపు డోరిక్ స్తంభాలు కనిపిస్తాయి. 1822లో ఊట నీటి కోసం పనిచేస్తున్న బ్రిటిషు ఇంజినీర్లకు అవి బయటపడ్డాయి.

క్రీస్తుపూర్వం 427లో కొర్సైరాలో ప్రజాపక్షానికీ ధనిక పక్షానికీ మధ్య అంతర్యుద్ధం రగిలింది. ఓడిపోతామని భయపడ్డ ధనిక పక్షంవారు నాలుగు వందల మందికి తక్కువ కాకుండా హీరా ఆలయంలో శరణు కూర్చున్నారని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. ఆ ఆలయం మోన్ రెపో తోటలో ఉన్నదేనని పరిశోధకులు భావిస్తున్నారు. ప్రజాపక్షంవారు విచారణ పేరుతో కొందరిని బయటికి రప్పించి చంపారు. అది చూసి లోపల మిగిలినవారు తమను తామే చంపుకున్నారు. సొంత ఊళ్లో మనిషి మనిషికి శత్రువైతే భాష, న్యాయం, బంధుత్వం ఎలా తలకిందులవుతాయో థూసిడిడీస్ అక్కడే వివరించాడు. రాజనీతి చదివేవాళ్లు ఈనాటికీ ఆ పుటలను వదలరు.

ఆలయం అంటే ఆనాటి గ్రీకులకు ఎవరైనా అడుగుపెట్టగల చోటు. ప్రాణభయంతో పరుగెత్తినవాడిని అక్కడ ముట్టుకోకూడదు. ఆ ధర్మాన్ని తుంగలో తొక్కినందుకే కొర్సైరా ఘోరం చరిత్రలో నిలిచింది. అలాంటి స్థలం శతాబ్దాల తరువాత ఒక కుటుంబపు వేసవి విడిదిగా, గోడ లోపలి తోటగా ఉండిపోయింది. ప్రజాప్రవేశం అనే మాటకు అక్కడ ఉన్న బరువు నాకు ఇక్కడే తెలిసివస్తుంది. గేటు తెరిస్తే పౌరుడికి దక్కేది షికారు చేసే చోటు మాత్రమే కాదు. తన ప్రజాస్వామ్యం ఏ గాయాల మీద నిలబడిందో తెలుసుకునే హక్కూ దక్కుతుంది.

రాజరికం పోయి, వ్యాజ్యాలు నడిచి, కోర్ఫు మున్సిపాలిటీ ప్రమేయంతో తోట జనానికి తెరుచుకుంది. విల్లాలో పాత నగరపు మ్యూజియం 2001లో మొదలైంది. ఆవరణ గేటుకు ఎదురుగా పాత శిలలతోనే కట్టిన ఒక క్రైస్తవ బాసిలికా శిథిలం ఉంది. ఆలయపు రాయి చర్చి గోడగా, చర్చి పక్క నేల విల్లా తోటగా, విల్లా గదులు మ్యూజియంగా మారిన చోట అన్ని పొరలనూ ఒకే మధ్యాహ్నం నడిచి చూడవచ్చు.

తతోయ్: ఒకే గుట్ట మీద ఇద్దరు రాజుల కథ

ఏథెన్సుకు ఉత్తరాన పార్నిథా పర్వతపు అంచుల్లో తతోయ్ ఉంది. 1870లలో మొదటి జార్జి అక్కడ కొనడం మొదలుపెట్టిన భూమి పెరిగి పెరిగి సుమారు 42 వేల స్ట్రెమ్మాలయింది. మన లెక్కలో పది వేల ఎకరాల పైమాట. అందులో భవనం, గుర్రపుశాలలు, ద్రాక్షతోటలు, పశువుల కొట్టాలు, అడవి, రాజకుటుంబ శ్మశానం ఉన్నాయి. ఆ శ్మశానం ఉన్న గుట్టను పలియోకాస్ట్రో అంటారు. 1913లో థెస్సలొనీకిలో హత్యకు గురైన మొదటి జార్జి మొదలు, 2023 జనవరిలో మరణించిన చివరి రాజు రెండో కాన్‌స్టంటైన్ వరకు అక్కడే నిద్రిస్తున్నారు.

ఆ గుట్ట మీదనే మరో రాజు జాడలూ ఉన్నాయి. ఇది ప్రాచీన డెకెలియా. ఏథెన్సు, స్పార్టాల మధ్య సాగిన పెలొపొనీసియన్ యుద్ధంలో క్రీస్తుపూర్వం 413లో స్పార్టా రాజు ఏజిస్ ఇక్కడ కోట కట్టి కూర్చున్నాడు. ఏథెన్సుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో శత్రువు ఏడాది పొడుగునా తిష్ఠ వేశాడు. ఆ సలహా ఇచ్చింది ఏథెన్సు పక్షం వదిలి స్పార్టాతో చేరిన ఏథెన్సు సేనాని ఆల్సిబయడీస్. యుబోయా నుంచి ధాన్యం వచ్చే దగ్గరి మెట్టదారి మూతపడి, ఓడలు సూనియన్ అగ్రాన్ని చుట్టి రావలసి వచ్చింది. లారియన్ వెండిగనుల ఆదాయం పడిపోయింది. ఇరవై వేలకు పైగా బానిసలు ఏథెన్సు యజమానులను వదిలి పారిపోయారు. వారిలో చాలామంది చేతిపనివాళ్లని థూసిడిడీస్ చెబుతాడు.

తతోయ్‌ని రాజుల సమాధుల చోటుగా మాత్రమే చూపించడం నాకు ఎందుకు అసంపూర్ణంగా అనిపిస్తుందో ఈ సంగతితో మీకు బోధపడి ఉంటుంది. ఆ గుట్టకు రాజుల చరిత్ర ఉంది. పేరు దక్కని ఇరవై వేల మంది తమ యజమానుల ఇళ్లు వదిలిన చరిత్రా ఉంది. సమాధుల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. పారిపోయినవారి పేర్లు ఎక్కడా లేవు. వారి కథను ఆ నేల మీద చెప్పగలిగేది ప్రజాసంస్థ ఒక్కటే. ఏ వంశమూ తన స్మారకంలో దాన్ని చెప్పదు.

కోర్టులో ఉన్నవారు, లేనివారు

ఈ ఎస్టేట్ల మీద వ్యాజ్యం దీర్ఘమైనది. గ్రీసులో 1924లో రిపబ్లిక్ వచ్చింది, 1935లో మళ్లీ రాజరికం వచ్చింది. ఆస్తులు కూడా అలాగే చేతులు మారుతూ పోయాయి. 1967లో సైనిక నియంతలు అధికారం పట్టారు. 1973లో వాళ్లే రాజరికాన్ని రద్దు చేశారు. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక, 1974 డిసెంబరు 8న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 69 శాతం మంది రిపబ్లిక్‌కే ఓటు వేశారు. మరి ఎస్టేట్ల సంగతేమిటి? 1992లో ఒక ప్రభుత్వం మాజీ రాజు రెండో కాన్‌స్టంటైన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. 1994లో మరో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసి, పరిహారం లేకుండా తతోయ్, మోన్ రెపో, థెస్సలీలోని పొలిదెంద్రి అడవి ఎస్టేటు మూడింటినీ తీసుకుంది.

మాజీ రాజు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లాడు. అవి వ్యక్తిగత ఆస్తులేనని, పరిహారం ఏమీ ఇవ్వకుండా తీసుకోవడం అన్యాయమని న్యాయస్థానం 2000 నవంబరులో తీర్పిచ్చింది. 2002 నవంబరులో పరిహారం నిర్ణయించింది. మాజీ రాజుకు 1 కోటి 20 లక్షల యూరోలు, ఆయన చెల్లెలికి 9 లక్షలు, మేనత్తకు 3 లక్షలు. వాళ్లు అడిగినదానిలో ఇది చిన్న భాగం. రాజకుటుంబం అనుభవించిన పన్ను మినహాయింపులను, ప్రత్యేక హక్కులను కూడా లెక్కలోకి తీసుకున్నారు. భూములు మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి.

ఈ తీర్పును నేను గౌరవిస్తాను. రాజైనా సరే, అతడి సొత్తును చట్టం లేకుండా, పరిహారం లేకుండా లాక్కోవడం రిపబ్లిక్‌కు శోభ కాదు. రిపబ్లిక్ గొప్పతనం తనకు నచ్చనివాడికి కూడా న్యాయం చేయడంలో ఉంది. అయితే ఆ కోర్టులో ఇద్దరే వాదించుకున్నారు. ఒకరు మాజీ యజమాని, మరొకరు ప్రభుత్వం. ఆ అడవిలో ఆదివారం నడవడానికి వచ్చే ఏథెన్సు కుటుంబానికి అక్కడ చోటు లేదు. పలియోకాస్ట్రో గోడకూ, హీరా ఆలయపు పునాదికీ వకీలు లేడు. ఆస్తి ఎవరిదో తేలింది. దాన్ని ఎలా చూసుకోవాలో తేలలేదు.

తరువాతి సంవత్సరాలు దానికి సాక్ష్యం. తతోయ్ భవనం దశాబ్దాల పాటు తాళం వేసి పాడుపడింది. పైకప్పులు కుంగాయి, కొట్టాలు కూలాయి. రాజుది కాకుండా పోయిన ఇల్లు చాలాకాలం ఎవరిదీ కాని ఇల్లుగా మిగిలింది. ఆ సమయంలో దాన్ని గుర్తుంచుకున్నది నడకకు వచ్చిన జనం, కాపాడమని గొంతెత్తిన పౌరులు. చివరికి సాంస్కృతిక శాఖ వస్తువుల జాబితా తయారుచేసి, భవనాన్ని మ్యూజియంగా మార్చే పనులు చేపట్టింది. 2021 ఆగస్టులో వరింపొంపి దగ్గర లేచిన కార్చిచ్చు ఎస్టేటులో పెద్ద భాగాన్ని కాల్చింది. నిల్వ ఉంచిన కొన్ని వస్తువులూ బూడిదయ్యాయి. 1916లో కూడా అక్కడ ఘోరమైన మంటలు వచ్చి ప్రాణాలు పోయాయి. అడవిని ప్రజల పేరిట రాసుకున్న ప్రభుత్వం ఎండు చెత్త తీయించడం, నీటి తొట్లు నింపడం, కాపలా పెట్టడం కూడా తన పేరిటే రాసుకోవాలి.

తెరవడానికి హద్దులున్నాయా?

ఉన్నాయి. కానీ ఏ హద్దు ఎవరి కోసం అన్నది అడగాలి. పార్థినాన్ లోపలికి సందర్శకులను పంపరు. కోట్ల పాదాలు చలువరాతిని అరగదీస్తాయి. 2023 సెప్టెంబరు నుంచి అక్రోపొలిస్‌కు రోజుకు 20 వేల మందినే అనుమతిస్తూ వేళలు కేటాయిస్తున్నారు. ఈ హద్దులు రాయిని రేపటివాళ్ల కోసం కాపాడతాయి. వాటిని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. 2020లో కొండ మీద కాంక్రీటు దారులు వేసినప్పుడు పురావస్తు పండితుల్లో చాలామంది బాధపడ్డారు. అదే ఏడాది వచ్చిన లిఫ్టుతో చక్రాల కుర్చీలో ఉన్నవారు పైకి చేరగలిగారు. ఈ రెండు వాదాల్లోనూ నిజముంది. రాయిని గాయపరచకుండా నడవలేనివారిని పైకి చేర్చే పద్ధతి వెతకడం విజ్ఞుల బాధ్యత.

డబ్బుతో వచ్చే హద్దు వేరు. 2025లో అక్రోపొలిస్ టిక్కెట్టు 30 యూరోలకు చేరింది. మామూలు వేళలకు వెలుపల చిన్న బృందాలకు 5 వేల యూరోల రుసుముతో కొండ చూపించే పథకం వచ్చినప్పుడు పురావస్తు ఉద్యోగుల్లో ఎందరో అభ్యంతరం చెప్పారు. వారి పక్షాన్నే నేనూ నిలబడతాను. ఎక్కువ ఇచ్చేవాడికి ఎక్కువ ప్రశాంతత అమ్మడం మొదలైతే, 1834 చట్టం రాసిన ఉమ్మడి సొత్తు అనే సూత్రం క్రమంగా హరించుకుపోతుంది. గ్రీసులో నవంబరు నుంచి మార్చి వరకు ప్రతి నెల మొదటి ఆదివారం, మరికొన్ని ప్రత్యేక దినాల్లో, ప్రభుత్వ పురావస్తు స్థలాలకు ఉచిత ప్రవేశం ఉంది. ఆ దేశం మంచి సంప్రదాయాల్లో అదొకటి. దాన్ని పెంచాలే కానీ తగ్గించకూడదు.

మాజీ రాచ ఎస్టేట్లకు ఇదే కొలత. తతోయ్ పునరుద్ధరణ ప్రణాళికల్లో మ్యూజియంతోపాటు అతిథి వసతి, భోజనశాలలు, వ్యవసాయ ఉత్పత్తులు కూడా చోటు చేసుకున్నాయి. పది వేల ఎకరాలు పోషించాలంటే ఆదాయం కావాలి, కాదనను. కానీ ఆ ఆదాయం అడవి దారులకు ఎంత వెళ్లింది, శిథిలాల తవ్వకాలకూ సంరక్షణకూ ఎంత వెళ్లింది అనే లెక్క ఏటా పౌరుల ముందుంచాలి. స్థానికులకు, ఉపాధ్యాయులకు, పురావస్తు ఉద్యోగులకు నిర్వహణలో మాట ఉండాలి. డెకెలియా గోడ దగ్గర పలక పెడితే, ఏజిస్ పేరుతోపాటు ఆ పారిపోయిన ఇరవై వేల మంది సంగతీ రాయాలి. బడిపిల్లలు వచ్చి వెళ్లడానికి బస్సు ఉండాలి. ఇవన్నీ చిన్న పనులుగా కనిపిస్తాయి. ఉమ్మడి సొత్తు అనే పెద్దమాట నిలబడేది ఈ పనుల మీదే.

తతోయ్ మ్యూజియం పూర్తిగా తయారైన నాడు అందంగా ఉంటుందని నేను నమ్ముతున్నాను. దాని విజయాన్ని కొలవడానికి నేను ఆ గదుల మెరుపును చూడను. ఇన్నేళ్లుగా డబ్బు కట్టకుండా ఆ చెట్ల కింద నడిచిన ఏథెన్సు కుటుంబం, పనులు ముగిశాక కూడా అదే దారిలో, అదే స్వేచ్ఛతో, మరింత తెలుసుకుని నడవగలిగితే గ్రీసు గెలిచినట్టు. అలా నడవలేకపోతే, రాజు కంచె పోయి దాని స్థానంలో మరో కంచె వచ్చినట్టు. అలా జరగకుండా చూడటం ఆ దేశ పౌరుల హక్కు, వారి ప్రభుత్వం బాధ్యత.